ఒంటి సీటు

ఊళ్ళో సగం మందికి సీట్లు కుట్టిపెట్టే మనిషికి సొంత బండి మీద కూర్చునే చోటు లేకుండా పోయింది. ఎవరైనా చెబితే నవ్వొచ్చే మాటే. ఆదివారం పొద్దున్న మెట్లు దిగి వచ్చి, బండిని చూసి, చూసింది నిజమేనా అని ఇంకోసారి చూసిన ఆమెకి మాత్రం నవ్వు రాలేదు.

ముందు సీటు ఉంది. అదీ కొత్తదే. గోధుమ రంగు రెక్సిన్, అడ్డంగా లావుపాటి కుట్లు. దాని వెనక, మొన్నటిదాకా తను కూర్చున్న చోట, నున్నటి నల్లటి మూత ఒకటి బోర్లించిన గిన్నెలా లేచి ఉంది. పట్టుకునే ఇనప కడ్డీ లేదు. కాళ్ళు ఆన్చుకునే పెడళ్ళు కూడా లేవు. వాటిని విప్పిన చోట చెరో పక్కా ఒక కన్నం మిగిలింది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త. మెత్తటి గుడ్డ పట్టుకుని, పసిపిల్లాడికి ఒళ్ళు తుడిచినట్టు ఆ మూతని తుడుస్తున్నాడు.

"నేనెక్కడ కూర్చోవాలి?"

"అబ్బ, వచ్చీ రాగానే అదేనా? ముందు బండిని చూడు. ట్యాంకు దగ్గర మొదలై చివరిదాకా ఒక్కటే గీత. ఆ పాత సీటు ఉన్నప్పుడు ఈ గీత కనిపించేదా?"

"గీత మీద కూర్చుని పనికి వెళ్ళలేనుగా."

"బస్సుంది కదా," అన్నాడు తల ఎత్తకుండా.

'చిన్న పనుంది, గ్యారేజీలో ఇచ్చొస్తా' అని రెండు రోజుల కిందట తీసుకెళ్ళింది ఇందుకన్నమాట. ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది.

బండి సోకుల సంగతి ఆమెకి కొత్తేం కాదు. మొదట అద్దాలు మార్చాడు. వాటిలో అతని మోచేతులు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, వెనక వచ్చే లారీ మాత్రం కనిపించదు. తర్వాత సైలెన్సర్ మార్చాడు. బండి సందు మొదట్లో తిరిగిందంటే మూడో అంతస్తులో పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటారు. తర్వాత హ్యాండిల్, ఆ తర్వాత లైట్లు. అతని జీతం అలా ముక్కలు ముక్కలుగా బండికి అతుక్కుంటుంటే, ఇంటద్దే సరుకులూ ఆమె జీతంలోంచి నడిచాయి. సర్దుకుంది. మనిషన్నాక ఒక్క సరదా ఉండకూడదా అని తనే సమాధానం చెప్పుకుంది. అయితే ఇప్పటిదాకా మార్చినవన్నీ అతనివి. ఈ సీటు తనది. తీసేముందు ఒక్క మాట అడగాలని కూడా తోచలేదా ఈయనకి?

ఇదంతా ఫోన్లో ఉన్న ఆ గ్రూపు చలవ. ఒకే రకం బండి ఉన్నవాళ్ళంతా చేరిన గ్రూపు అది. ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసి ఉండరు గానీ ఒకరి బండిలో ఏ బోల్టు ఏ రంగో ఇంకొకరికి కంఠతా వచ్చు. దాన్ని నడిపే ఆయన్ని అందరూ పెద్దన్న అంటారు. ఏ సామాను గొప్పదో పెద్దన్నే చెబుతాడు, ఆ సామాను పెద్దన్న గ్యారేజీలోనే దొరుకుతుంది, బిగించేదీ పెద్దన్న మనుషులే. ఇందులో వింతేమీ లేదంటాడు భర్త. బండిలో ఏదీ మార్చనివాళ్ళకి అక్కడ పేర్లు పెడతారు. మొదట్లో కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుకున్నందుకు ఇతనికి 'స్టాక్ బాబు' అని పెట్టారు. ఆ పేరు చదివిన రోజు అతను కంచం ముందు నుంచి సగంలో లేచిపోయాడు. అద్దాలూ సైలెన్సరూ మార్చినా ఆ పేరు పోలేదు.

ఎదురింటి దుకాణం మూసి ఉంది. దాని నీలం రంగు షట్టరు ముందు బండిని నిలబెట్టి, అతను ఫోన్ పట్టుకుని వంగాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఒకసారి రోడ్డు మీద పడుకున్నంత పని చేశాడు. ఆమె ఏదో అనబోతూ దగ్గరికి వచ్చింది.

"కాస్త పక్కకి జరుగు," అన్నాడు ఫోన్లోంచి కళ్ళు తిప్పకుండా. "అడ్డం వస్తున్నావ్."

సోమవారం ఆమె బస్సెక్కింది. ఒకటి కాదు, రెండు బస్సులు. కూడలిలో దిగి ఇంకోటి పట్టుకోవాలి. నిలబడితే కాళ్ళు లాగుతాయి, కూర్చుంటే నడుం కింద ఎముక సలుపుతుంది. కిందటి వానాకాలం మెట్ల మీద జారి కూలబడ్డప్పుడు దెబ్బతిన్న చోటు అది. ఎముక అతుక్కుంది గానీ, గట్టి సీటు తగిలితే ఇప్పటికీ సూది దిగినట్టుంటుంది. ఆ రోజు వెనక చక్రం మీది సీటు దొరికింది. ప్రతి గతుక్కీ రెండు అరచేతులూ సీటుకి ఆన్చి ఒళ్ళు పైకి లేపుకుంటూ వచ్చింది. పక్కన కూర్చున్నావిడ అనుమానంగా చూసి, కొంచెం జరిగి కూర్చుంది.

ఆ దెబ్బ తగిలాకే కదా బండి సీటు బాగుచేసుకున్నది! భర్తే పట్టుబట్టి చేయించాడు. ఒక సెలవు రోజు, ఆమె పనిచేసే సీట్ల షాపు మేస్త్రిని అడిగి తాళం తీసుకుని ఇద్దరూ వెళ్ళారు. ఆమె కవరు ఊడదీసి, వెనక కూర్చునే భాగంలో ఫోము మీద సుద్దతో గీసి, ఎముక ఆనే మేరకి గుండ్రంగా కోసి తీసింది. ఆ పల్లంలో ఏదో పాత సోఫా తాలూకు మెత్తటి గులాబీ రంగు ఫోము అతికించింది. అతను సీటుని కదలకుండా పట్టుకున్నాడు. "కూర్చో. నొప్పుందా? నిజం చెప్పు. ఇంకాస్త తియ్యి," అంటూ ఆమెని ఎన్నిసార్లు ఎక్కించి దింపాడో లెక్కలేదు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని బస్సు కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది. ఏమీ తేలకముందే కూడలి వచ్చేసింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి భర్త గాల్లో తేలిపోతున్నాడు. "రా రా, ఇలా కూర్చో. పెద్దన్న స్వయంగా కామెంటు పెట్టాడు. విను: 'ఇవాళ్టి నుంచి వీడు స్టాక్ బాబు కాదు. మన బాబు.' మన బాబు అన్నాడు, విన్నావా?"

ఆమె సంచీ కింద పెట్టి ఫోన్ అందుకుంది. 'వెనక సీటు పోయింది, బండికి పట్టిన దరిద్రం వదిలింది' అని ఒకడు రాశాడు. 'మరి కూరగాయల సంచీ ఎక్కడ పెడతావ్ బ్రో?' అని ఇంకొకడు. 'అత్తగారిని లారీ ఎక్కించు' అని మరొకడు. వాటన్నిటి కిందా భర్త పళ్ళికిలించే బొమ్మలు పెట్టాడు. ఫొటో అంచున, నేల మీద, ఆమె తల నీడ కాస్త పడింది. దాన్ని కూడా ఒకడు వదల్లేదు. 'ఆ నీడ తీసేసి మళ్ళీ పెట్టు బ్రో, ఫొటో పాడైంది' అన్నాడు. 'సారీ బ్రో' అని భర్త ఆ నీడని కత్తిరించి మళ్ళీ పెట్టాడు.

"దరిద్రం అంటే ఎవరండీ? నేనేనా?"

"సీటుని అన్నారే బాబూ. నిన్నెందుకంటారు? నువ్వెవరో వాళ్ళకి తెలీను కూడా తెలీదు."

"వాళ్ళకి తెలీదు సరే. మీకు తెలుసుగా?"

అప్పటికే ఫోన్ ఆమె చేతిలోంచి అతని చేతిలోకి వెళ్ళిపోయింది.

"పాత సీటేదీ?" అంది ఆమె.

"అక్కడే వదిలేశా. తీసేసిన సామానంతా పెద్దన్న తుక్కులో వేయించేస్తాడు. ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటాం?"

తుక్కు! ఆమె కూర్చున్నదల్లా లేచి వంటగదిలోకి వెళ్ళి గిన్నెలన్నీ అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది.

బుధవారం మధ్యాహ్నం ఆ తుక్కు తన కాళ్ళ మీద తనే నడిచొచ్చినట్టు ఆమె ముందుకే వచ్చింది.

షాపంటే పొడుగాటి ఇరుకు గది. గుమ్మం దగ్గర మేస్త్రి మెషీను, లోపల ఆమె బల్ల, ఆ వెనక అటక దాకా ఫోము దిండ్లు. ఏదో ఆసుపత్రివాళ్ళు రోగులు కూర్చునే కుర్చీలన్నీ ఒక్కసారే పంపితే, వాటి మధ్య దారి చేసుకుని నడుస్తున్నారు ఇద్దరూ. గుమ్మంలో ఒక మోటార్ సైకిలు ఆగింది, దాని వెనకే ఒక ఆటో. మోటార్ సైకిలు మీంచి సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకున్నాయన దిగాడు. రెండు వీధుల అవతల మందుల షాపు ఆయనది. ఆటోలోంచి ముందు ఒక చేతికర్ర దిగింది, తర్వాత ఒక పెద్దావిడ దిగింది. మందుల షాపాయన బండి సీటుని ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మ దీని మీద కూర్చుంటే కొంచెం జారినట్టుంటోందట. సరిచేసి పెట్టాలండి."

"కొంచెం కాదు, పడబోయాను," అంది పెద్దావిడ. "నేను కాళ్ళు రెండూ ఒక పక్కకి వేసి కూర్చునే మనిషిని. ఇదేమో ఎవరి కొలతకో చేసినట్టుంది. ఒక పక్క లోతు, ఒక పక్క ఎత్తు."

"అలా ఉండదమ్మా. కంపెనీ సీటు," అన్నాడాయన. ఆమె వైపు తిరిగి, "కొత్తదేనండి. ఎవరో బండి కొన్న రోజే తీసేశారట. వెనక ఎవరూ కూర్చోనేలేదట," అన్నాడు.

ఆమె సీటుని వెల్లకిలా తిప్పింది. కంపెనీలో కవరుకి పిన్నులు ఒక్క వరస కొడతారు. ఈ సీటు వెనక భాగంలో రెండు వరసలున్నాయి, ఒకటి విడిచి ఒకటి. అలా కొట్టే అలవాటు ఆమెదే. 'పిన్నులు ఊరికే వస్తున్నాయా అమ్మాయ్' అని మేస్త్రి ఎన్నిసార్లు విసుక్కున్నా పోని అలవాటు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో పిన్నూ లేపి, పట్టకారుతో లాగి, కవరుని వెనక్కి మడిచింది. నల్లటి ఫోము మధ్యలో గులాబీ రంగు ముక్క, గుండ్రంగా.

మేస్త్రి మెషీను ఆగిపోయింది. ఆయనకీ ఆ ముక్క గుర్తే.

"వెనక ఎవరూ కూర్చోలేదన్నారు కదండీ," అంది ఆమె. "నేను కూర్చున్నానండి."

మందుల షాపాయన బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. జరిగిందేమిటో ఆమె చెప్పింది, పొడిపొడిగా, పిన్నులు ఏరుతూనే. భర్త, గ్రూపు, పెద్దన్న, తుక్కు. పెద్దన్న పేరు రాగానే ఆయన ముఖం వాడిపోయింది. ఆయనా ఆ గ్రూపువాడే. ఏడాది కిందట ఆయనా ఒంటి సీటు వేయించుకున్నాడు, సొంత సీటు అక్కడే వదిలేసి వచ్చాడు. మొన్న పెద్దన్న విడిగా మెసేజ్ పెట్టాడట. ఫోన్ తీసి చూపించాడు: 'త్వరలో వెనక సీట్లకి గిరాకీ రాబోతోంది. మీ కోసం ఒకటి ఆపాను. ఎవరికీ చెప్పకండి.' ఒంటి సీటుకి పెట్టినదానికి మూడింతలు పెట్టి కొన్నాడట.

"మరి మీ సీటేమైందంటారు?" అన్నాడు మేస్త్రి.

"తుక్కులో వేశారనుకున్నానండి."

"తుక్కా పాడా! ఏ మహానుభావుడో మూడింతలు పెట్టి దాని మీద కూర్చుని ఉంటాడు."

పెద్దావిడకి నవ్వాగలేదు. "ఏడాది నుంచీ నన్ను ఆటో ఎక్కించి, తను ముందు బండి మీద పోతున్నాడమ్మా, మంత్రిగారికి దారి చేసినట్టు. ఆ ఆటో అబ్బాయి అడిగాడు కూడా, ఆయనెవరండీ, మనల్ని తీసుకెళ్తున్నాడా, మన దగ్గర్నుంచి పారిపోతున్నాడా అని."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాటండీ. నేనిలా సీటు వెనక్కి కొన్నట్టు గ్రూపులో ఎవరికీ... మీ ఆయనకి కూడా... మీరు అర్థం చేసుకోవాలి," అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది గడ్డాలు మీసాలు వచ్చినవాళ్ళు, ఒకడు నవ్వుతాడేమోనని ఇంకొకడు, వాడు నవ్వుతాడేమోనని వీడు, కన్నతల్లిని ఆటో ఎక్కించారు, పెళ్ళాన్ని బస్సెక్కించారు. నిజంగా నవ్వుకుంటున్నవాడు ఒక్కడే. వాడు ఇద్దరి దగ్గరా డబ్బు పుచ్చుకుని నవ్వుకుంటున్నాడు. ఎక్కించినవాళ్ళకి మాత్రం ఇప్పటికీ సిగ్గు గ్రూపు ముందే!

"మీ పరువుకి ఏం ఢోకా లేదులెండి," అంది. "మా ఇంట్లో చెబుతాను, మీ పేరు మాత్రం ఎత్తను."

పెద్దావిడ చేతికర్ర నేలకి తాటించింది. "ఇది నీ సీటు. నువ్వు తీసేసుకో అమ్మాయ్. వీడు ఇంకోటి కొనుక్కుంటాడు. కొనడం వీడికి బాగా వచ్చు."

ఆమె సీటు మీద చెయ్యి వేసింది. పల్లం చల్లగా, మెత్తగా, అరచేతికి సరిగ్గా అమరింది. తీసుకోవాలనిపించలేదంటే అబద్ధమే. ఒక్క క్షణం దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచి పోవాలనిపించింది.

"సీటొక్కటీ తీసుకెళ్ళి ఏం చేసుకోను మామ్మగారూ? కింద బండి ఉండాలిగా. ఆ బండి మీద దీనికి చోటు లేదు," అంది. "మీరు ఎక్కండి. కొలత తీసుకుంటాను."

మేస్త్రీ కొడుకూ చెరో రెక్కా పట్టుకుని పెద్దావిడని బల్ల మీద సీటు పైకి ఎక్కించారు. ఆవిడ రెండు కాళ్ళూ ఒక పక్కకి వేలాడేసి, రాణీగారిలా చుట్టూ చూసింది. ఎక్కడ బరువు పడుతోందో ఆమె వంగి చూసి సుద్దతో గీత గీసింది. ఆవిడ దిగాక, హాక్సా బ్లేడుని గులాబీ ముక్క అంచు వెంట దించి, గమ్ము పట్టిన చోట చిన్నగా ఊపుతూ, ముక్క చినగకుండా మొత్తంగా పైకి తీసింది. ఆ చోట్లో గట్టి ఫోము కోసి కూర్చింది. పెద్దావిడ జారే పక్కన వేలెడు ఎత్తున చిన్న గట్టు కట్టింది. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసి, చేత్తో తడిమి, మళ్ళీ రుద్దింది. పనిలో లోటు చేయడం ఆమెకి చేతకాదు, అది తన సీటుని తనే చెరుపుకునే పనైనా సరే. కవరు లాగి బిగించి, పిన్నులు రెండు వరసలు కొట్టింది.

పెద్దావిడ ఆటోకి డబ్బిచ్చి పంపేసి, కొడుకు వెనక ఎక్కి కూర్చుని వెళ్ళింది. వెళ్తూ చేతికర్ర ఊపింది. ఆమె గులాబీ ముక్కని సంచీలో పెట్టుకోబోతూ ఆగింది. "బాబాయ్, ఇది నేను తీసుకెళ్తున్నా."

"నీదే కదమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. ఎవరు తెచ్చారన్నది చెప్పలేదు. తన సీటు తన బల్ల మీదికే వచ్చిందనీ, తుక్కులో వేస్తానన్న ఆయన దాన్ని మూడింతలకి అమ్మాడనీ చెప్పింది. అతను విన్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"పెద్దన్న అలాంటివాడు కాదు. అది వేరే సీటయ్యుంటుంది."

"నా చేత్తో కోసిన ఫోము నాకు తెలీదా?"

"పోనీ నీదే అనుకో. వదిలేసినదాన్ని ఎవరికో పనికొచ్చేలా చేశాడు. పారేసుంటే బాగుండేదా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. మోసపోయినందుకు కోపం లేదు సరే, 'దాన్ని నువ్వెలా కోశావు, నీకేమనిపించింది' అన్న ఒక్క మాట ఆ నోట్లోంచి వస్తుందేమోనని చూసింది. రాలేదు. నడుం నొప్పి ఎలా ఉందన్న మాట కూడా రాలేదు. ఆ రోజు నుంచి తనంతట తను ఆ సంగతి ఎత్తకూడదనుకుంది. గురువారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, మిగిలిన ముదురు నీలం రెక్సిన్‌తో గులాబీ ముక్కకి ఒక గలీబు కుట్టుకుంది. చుట్టూ రెండు వరసల కుట్టు, పట్టుకోవడానికి ఒక పట్టీ. మేస్త్రి చూసి దారపు కండె ఇటు జరిపాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె తలుపు తోయకముందే భర్త తీశాడు. "నీకో శుభవార్త! నీ సీటు మళ్ళీ పెట్టిస్తున్నా."

ఆమె చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం, పాపం, నిజంగానే సంబరపడింది. బుధవారం చెప్పినప్పుడు తల ఊపినా, లోపల ఎక్కడో తగిలే ఉంటుంది మనిషికి అనుకుంది.

"ఆదివారం జంట రైడ్!" అన్నాడతను. "పెద్దన్న ఇందాకే ప్రకటించాడు. చదువుతా విను: 'నిజమైన రైడర్ తన మనిషిని వెనక కూర్చోబెట్టుకుంటాడు. ఒంటి సీట్ల కాలం అయిపోయింది. కంపెనీ సీటు ఉన్న బండికే ప్రవేశం.' అందరూ వాళ్ళ వాళ్ళ ఆడవాళ్ళతో వస్తున్నారు. ఫొటోలు తీస్తారు. సీట్లు కూడా గ్యారేజీలో సిద్ధంగా ఉన్నాయట. ఎంత ముందుచూపో చూడు! పారేయకుండా దాచిపెట్టబట్టి దొరుకుతున్నాయి గానీ, లేకపోతే ఏమయ్యేవాళ్ళం?"

ఆమెకి నవ్వొచ్చింది. "ఎంతకిస్తున్నాడు?"

"అది వదిలెయ్. నీకంటే ఎక్కువా?"

"పోయిన ఆదివారం నేనడిగితే బస్సుందన్నారు."

"అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు పెట్టిస్తున్నాగా? ఎప్పుడూ సాధింపేనా?"

"మీకు ఇప్పుడు కూడా తోచలేదండీ. ఆయనకి తోచింది."

అతను అది వినిపించుకోలేదు. శనివారం సీటు వచ్చేసింది, కడ్డీ వచ్చింది, పెడళ్ళు వచ్చాయి. వాటితోపాటు వీపు మీద గ్రూపు బొమ్మ ఉన్న నల్ల జాకెట్లు రెండు వచ్చాయి. ఆడవాళ్ళ జాకెట్టు ఒకటే కొలత అట, అందరికీ సరిపోతుందట. ఆమె చేతులు దాని చేతుల్లో మునిగిపోయాయి.

"ఆ మెత్త ఫోము నువ్వే పెట్టేసుకో. నీ కొలత నీకు తెలుసుగా," అన్నాడు భర్త, పెద్ద మనసు చేసుకుని.

"ఆ ఫోము వేరేచోట వాడానండీ. ఆదివారం నాకు పనుంది. ఆసుపత్రి కుర్చీలు అప్పజెప్పాలి."

"ఏంటి వేళాకోళమా? ఒక్క రోజు మానెయ్యలేవా?"

ఆమె చెప్పాల్సింది చెప్పింది. అతనే నమ్మలేదు. పొద్దున్నకి తనే దారికొస్తుందని నిశ్చింతగా పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్న సందు మొత్తం చప్పుడుతో నిండిపోయింది. నీలం షట్టరు ముందు బళ్ళు వరసగా నిలబడ్డాయి. వెనక సీట్ల మీద నల్ల జాకెట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు, ఎన్నాళ్ళకో గుర్తొచ్చిన చుట్టాల్లా, ఎక్కడ పట్టుకోవాలో తెలీక కూర్చున్నారు. కెమెరా మెడలో వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, 'ఇలా దగ్గరగా, ఆ, నవ్వండి' అంటున్న బొద్దుపాటి మనిషే పెద్దన్న అని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. ఆయన వెనక ఒక కారు ఆగి ఉంది. అద్దాలు మూసుకుని ఆయన భార్య అందులో కూర్చుంది. ఆవిడకి బండి ప్రయాణం పడదట.

భర్త బండి మీద సిద్ధంగా ఉన్నాడు. వెనక సీటు తుడిచి మెరిపించాడు. రెండో హెల్మెట్టు కడ్డీకి తగిలించి ఉంది. ఆమె మెట్లు దిగి వచ్చింది. ఒంటి మీద రోజూ వేసుకునే పని బట్టలే ఉన్నాయి. భుజాన సంచీ, చంకలో నీలం రంగు మెత్త.

"జాకెట్టేదీ?" అన్నాడు పళ్ళ బిగువున. "సరేలే, ఎక్కు. అందరూ చూస్తున్నారు."

అందరూ చూస్తున్న మాట నిజమే. పెద్దన్న కూడా కెమెరా ఎత్తాడు. "రా చెల్లెమ్మా, రా! మన బాబు ఫొటోయే ఇవాళ మొదటిది."

ఆమె ఆయన వైపు తిరిగింది. "మూడింతలకి అమ్మారు కదండీ నా సీటు. బాగుందట, పిన్నులు గట్టిగా కొట్టానట. కొన్నవాళ్ళే చెప్పారు."

కెమెరా కొంచెం కిందికి దిగింది. వరసలో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు తమ కింది సీటుని వంగి చూసుకున్నారు. వెనక కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ, "ఏవండీ, మన సీటెక్కడిదండీ?" అని అడగడం వినిపించింది. ఆవిడ భర్త హెల్మెట్టు అద్దం కిందికి దించుకున్నాడు.

భర్త ముఖం ఎర్రబడింది. "ముందు నువ్వు ఎక్కవే. తర్వాత మాట్లాడుకుందాం. ఫొటో తీస్తున్నారు."

"వద్దులెండి," అంది ఆమె మామూలుగానే. "నేను అడ్డం వస్తాను."

పక్కకి జరిగి, గోడ వెంబడే నడిచి సందు చివరికి వెళ్ళింది. వెనక నుంచి ఒక్కసారి పిలిచాడు. రెండోసారి పిలవలేదు, అంతమందిలో పిలవలేకపోయాడేమో. ఆమె కోపం తగ్గిందా అంటే ఏం తగ్గలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో తెలీదు. ఎలాంటి గొడవైనా అది ఇద్దరి మధ్యే జరగాలి, ఫోన్లోంచి ఎవరూ తొంగిచూడకూడదు అని మాత్రం గట్టిగా అనుకుంది.

బస్సు వచ్చింది. ఆదివారం కాబట్టి ఖాళీగానే ఉంది. అయినా వెనక చక్రం మీది సీటు దగ్గరికే వెళ్ళి, నీలం మెత్తని పరిచి, సరిచూసుకుని కూర్చుంది. కూడలి దగ్గర బళ్ళన్నీ హోరుమంటూ బస్సుని దాటిపోయాయి. ఒక్కో బండి మీదా ఇద్దరిద్దరు. చివర్లో భర్త బండి. ముందు అతను, వెనక మెరుస్తున్న సీటు, దాని మీద ఎండ.

కూడలి దాటగానే బస్సు పెద్ద గతుకులో పడి లేచింది. అలవాటు కొద్దీ ఆమె రెండు చేతులూ సీటుకి ఆన్చబోయి, అవసరం లేదని గుర్తొచ్చి, ఒళ్ళో పెట్టుకుంది.